మనుమడి దగ్గర మేము నేర్చుకొన్న ఆట

అరవై దాటిన వయస్సులో మేమిద్దరము కంప్యూటరు ఆట నేర్చుకొన్నామంటే మీలో కొందరికి నవ్వు రావచ్చును. మా సంఘములో కూడా కొందరు నవ్వారు. నవ్వినా ఫర్వాలేదు. ఈ సంగతి ఆటతో మొదలు కాలేదు. మేము ఒక బిడ్డను నొప్పించిన మాటతో మొదలైంది. అందుకే దీన్ని మీకు చెప్పాలనిపించింది.

మాది జూలూరుపాడు దాటిన తరువాత అడవి అంచున ఉన్న చిన్న పల్లె. ఒకవైపు మిరప బస్తాలు ఖమ్మం మార్కెట్టుకు పోయే దారి, మరొకవైపు కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం పోయే దారి. మాకు రెండెకరాల సొంత చేను ఉన్నది. ఒక్కతే కూతురు. ఆమెను భద్రాచలంలో ఇచ్చాము. ఆమె కొడుకే మాకున్న ఒక్క మనుమడు.

2020లో కరోనా వలన బడులు మూతపడి పాఠాలు ఫోనుల్లోకి, కంప్యూటర్లలోకి వచ్చినప్పుడు మా అల్లుడు పిల్లవాడి చదువు కొరకు ఒక పాత లాప్‌టాప్ కొన్నాడు. పాఠాలతోపాటు ఆటలూ వచ్చి చేరాయి. వాటిలో ఒకదాని పేరు ఏజ్ ఆఫ్ ఎంపైర్స్. సామ్రాజ్యాల యుగం అని అర్థమట. ఆ పేరు మేము మొదట విన్నది 2021 క్రిస్మసు పండుగకు వాడు మా ఇంటికి వచ్చినప్పుడే.

ఆ క్రిస్మసు మా ఇంట ఎట్లా ఉన్నదో ముందు చెప్పాలి. ఆ యేడు సొంత చేనుతోపాటు మూడెకరాలు కౌలుకు తీసుకొని మిరప వేశాము. చెట్టు నిండా పూత వచ్చింది. సరిగా అప్పుడే నల్ల తామరపురుగు దిగింది. ఆ యేడు తెలంగాణలోనూ ఆంధ్రలోనూ మిరప వేసిన రైతులకు ఆ పురుగు సంగతి చెప్పనక్కరలేదు. పువ్వులో దూరి రసం పీల్చేస్తే పూత రాలిపోతుంది, కాయ నిలవదు. ఏ మందు కొట్టినా పురుగు పోలేదు, డబ్బు మాత్రం పోయింది. పండుగనాటికి చేలో దున్నేయవలసిన మోళ్ళు, ఇంట్లో తీర్చవలసిన అప్పు మిగిలాయి. ఈ సంగతి కూతురికి కూడా పూర్తిగా చెప్పలేదు. పండుగపూట ఎందుకులే అనుకొన్నాము.

ఆ రాత్రి యౌవనస్థులు పాటలు పాడుకొంటూ ఇల్లిల్లూ తిరుగుతూ మా వాకిట్లోకి వచ్చారు. మనుమడు మూల గదిలో లాప్‌టాప్ ముందు కూర్చొని బయటికి రాలేదు. మాలో ఆయనకు కోపం ఆగలేదు. వచ్చినవారందరి ముందు వాణ్ణి రెక్క పట్టుకొని లేపి, "ఇది సైతాను పెట్టె. నువ్వు దీనికి మొక్కుతున్నావు. నీ వలన ఈ ఇంటికి ఏమి ఒరుగుతుంది?" అని కేకలు వేశారు. మాలో ఆమె అడ్డుకోలేదు సరికదా, "మీ అమ్మ ముద్దుచేసి చెడగొట్టింది" అని తన వంతు కలిపింది. మరునాడు ఆరాధన అయిన వెంటనే వాడు బస్సెక్కి వెళ్ళిపోయాడు. సంక్రాంతికి రాలేదు. ఈస్టరుకు రాలేదు. ఫోను చేస్తే వాళ్ళమ్మ మాట్లాడేది గాని వాడు మాట్లాడలేదు.

ఏడు నెలలకు వాణ్ణి మా ఇంటికి తెచ్చింది గోదావరి. 2022 జూలైలో వచ్చిన వరద మీకు గుర్తుండే ఉంటుంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ఇస్తారు. ఆ నెల 16వ తేదీన నీరు 71 అడుగులు దాటింది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చిన తరువాత అంత నీరు ఎన్నడూ రాలేదు. మా కూతురి ఇల్లు నదికి దగ్గర వీధిలో ఉన్నది. వంతెనమీద రాకపోకలు ఆపకముందే తల్లి, కొడుకు రెండు సంచులతో మా ఇంటికి వచ్చేశారు. అల్లుడు సామాను మేడమీదికి ఎక్కించి చుట్టాల ఇంట్లో ఉండిపోయాడు. ఆ రెండు సంచులలో ఒకదానిలో లాప్‌టాప్ ఉన్నది. ప్లాస్టిక్ కవరు మూడు చుట్లు చుట్టి తెచ్చాడు.

వాడు మమ్మల్ని చూసి "బాగున్నారా" అన్నాడు. అంతే. మూడు రోజులు వానకు కరెంటు లేదు. ఇంట్లో నలుగురమూ ఉండి కూడా మాట లేదు. రాత్రి కుటుంబ ప్రార్థనలో వాడి నీళ్ళపాలైన వీధి కొరకు ప్రార్థించాము. మేము వాడి మనస్సుకు చేసిన గాయం కొరకు ప్రార్థించే ధైర్యం మాత్రం మాకు రాలేదు. ఆ రాత్రి మేమిద్దరము మాట్లాడుకొన్నాము. మనము చూడనిదాన్ని, తెలియనిదాన్ని పట్టుకొని అంత మాట అన్నాము గదా, అసలు అదేమిటో ఒకసారి చూద్దామనుకొన్నాము. కరెంటు వచ్చిన రోజున మాలో ఆమె వాడి పక్కన పీట వేసుకొని కూర్చొని, "ఆ ఆట మాకు నేర్పుతావా?" అని అడిగింది. వాడు నమ్మలేదు. ఎగతాళి అనుకొన్నాడు. తరువాత ఆయన కూడా కళ్ళద్దాలు తుడుచుకొని వచ్చి కూర్చున్నారు.

ఇప్పుడు ఆ ఆట సంగతి కొంచెం చెబుతాము. ఈ వరుసలో మొదటి ఆట 1997లోనూ, మా మనుమడు ఆడే రెండవది 1999లోనూ వచ్చాయి. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రపు డల్లాస్ దగ్గర ఎన్సెంబుల్ స్టూడియోస్ అనే సంస్థవారు తయారుచేశారు. ఆ సంస్థ 2009లో మూతపడింది గాని ఆట బ్రతికే ఉన్నది. 2013లో ఒకసారి, 2019లో ఒకసారి దాన్ని కొత్త బొమ్మలతో తిరిగి విడుదల చేశారు. 2022 ఏప్రిల్‌లో మన దక్షిణదేశపు ద్రావిడులను, రాజేంద్ర చోళుని కథను కూడా చేర్చారట. మనుమడి దగ్గర ఉన్నది 2013 నాటి రకము.

ఆట మొదలయ్యేటప్పటికి తెరంతా నల్లగా ఉంటుంది. నడుమ కొంత నేల మాత్రం కనబడుతుంది. అక్కడ టౌన్ సెంటర్ అనే పెద్ద కట్టడము, ముగ్గురు గ్రామస్థులు, గుర్రముమీద ఒక వేగులవాడు, దగ్గరలో కొన్ని గొర్రెలు. మన చేతిలో 200 ఆహారము, 200 కట్టె, 100 బంగారము, 200 రాయి. వేగులవాణ్ణి తిప్పితే చీకటి తొలగి అడవి, గని, చెరువు కనబడతాయి. గ్రామస్థులు కట్టె కొట్టి, మాంసము తెచ్చి, గని తవ్వి కూడబెట్టాలి. 500 ఆహారము పోగైతే చీకటి యుగం నుండి రెండవ యుగానికి, తరువాత 800 ఆహారము, 200 బంగారముతో మూడవదానికి, ఆ తరువాత 1000 ఆహారము, 800 బంగారముతో నాలుగవదానికి పోవచ్చు. ఈలోగా చీకట్లో ఎక్కడో మనలాగే ఊరు కట్టుకొంటున్న శత్రువు వస్తాడు.

కొత్తవారి కొరకు అందులోనే పాఠాలున్నాయి. 1297లో ఇంగ్లాండు సైన్యాన్ని ఓడించిన స్కాట్లండు వీరుడు విలియం వాలెస్ కథతో నేర్పుతారు. మొదటి పాఠము మనుషులను నడిపించడమే. ఎడమ మీటతో మనిషిని ఎంచుకొని, కుడి మీటతో పోవలసిన చోటు చూపాలి. నలభై యేండ్లు అరక పట్టిన ఆయన చేతికి అరచేతిలో ఇమిడే మౌస్ లొంగలేదు. అది బల్ల దాటి కింద పడేది. "తాతయ్యా, అంత గట్టిగా పట్టుకోకు. అది పారిపోదు" అన్నాడు మనుమడు. ఏడు నెలల తరువాత వాడు నవ్వడం అదే మొదలు.

రెండవ రోజు ధైర్యము తెచ్చుకొని సొంతంగా ఆడాము. ఆయన తొందరపడి 200 కట్టెలో 175 పెట్టి సైనికశాల, 25 పెట్టి ఒక ఇల్లు కట్టారు. ఒక్కొక్కరికి 60 ఆహారము, 20 బంగారము చొప్పున ముగ్గురు సైనికులను తయారుచేశారు. చూసుకొంటే 20 ఆహారము మిగిలింది. ఒక గ్రామస్థుణ్ణి తయారుచేయాలంటే 50 కావాలి. గొర్రెలను పట్టించుకొన్నవారు లేరు. శత్రువు వచ్చేసరికి మా ఊళ్ళో అదే ముగ్గురు పనివాళ్ళు, అదే ముగ్గురు సైనికులు. అవతలివాడు గుంపుగా వచ్చాడు. అరగంట గడవకముందే ఓడిపోయాము.

"కంప్యూటరుకు అతి తేలికగా ఆడమని చెప్పినా ఓడిపోయారా!" అని మనుమడు పొట్ట పట్టుకొని నవ్వాడు. తరువాత నెమ్మదిగా వివరించాడు. "ముందు పనివాళ్ళు, తాతయ్యా. ఒకరు తయారవడానికి 25 సెకన్లు పడుతుంది. ఆ పని ఎప్పుడూ ఆగకూడదు. 25 కట్టెకు ఒక ఇల్లు, దానిలో ఐదుగురు. ఇల్లు లేకపోతే కొత్త మనిషి రాడు. సైన్యం సంగతి అవన్నీ కుదిరిన తరువాత." 

మూడవ రోజున అడవిపంది దగ్గర దెబ్బతిన్నాము. ఆటలో పందిని కొడితే 340 ఆహారము వస్తుంది, గొర్రెకు 100 మాత్రమే. ఆశపడి మాలో ఆమె ఒక గ్రామస్థుణ్ణి ఒంటరిగా పంపింది. పంది అతణ్ణి అక్కడే పడగొట్టింది. "అమ్మమ్మా, మన చేలో పందికి ఎవరైనా ఒక్కరే ఎదురుపోతారా?" అన్నాడు వాడు. ఎవరూ పోరు! రాత్రి కాపలాకు నలుగురము డబ్బాలు కొట్టుకొంటూ పోతాము. ఆటలోనూ అంతే. ఒకడు బాణము వేసి ఊరివైపు పరుగెత్తాలి, పంది వెంటపడుతుంది, టౌన్ సెంటర్ దగ్గర కాచుకొని ఉన్నవారందరూ కలిసి దాన్ని కొట్టాలి. తెలిసిన సంగతే, తెరమీద చూసేసరికి మరిచిపోయాము.

క్రమంగా పని పంచుకొన్నాము. మౌస్ ఆయన చేతిలో, లెక్క ఆమె నోట్లో. తెరపైన అంకెలు చూస్తూ, "కట్టె అయిపోతుంది, ఇద్దరిని అటు పంపండి. ఎవరో ఊరికే నిలబడ్డారు చూడండి" అని చెబుతూ ఉండేది. నలభై యేండ్లు బియ్యపు డబ్బా అడుగు చూసి నెల గడిపిన చూపు అది. మనుమడు కూడా మెచ్చుకొన్నాడు. ఈటెవాడు గుర్రపువాణ్ణి ఆపుతాడని, విలుకాడు ఈటెవాణ్ణి కొడతాడని, చిన్న బల్లెము విసిరేవాడు విలుకాణ్ణి ఓడిస్తాడని వాడు చెప్పగా ఒక పుస్తకంలో రాసుకొన్నాము. ఒకే రకం సైనికులు ఎంతమంది ఉన్నా గెలవరు.

ఇక అసలు సంగతికి వస్తాము. ఒక సాయంత్రము వాడు పొలము వేయడం నేర్పుతున్నాడు. 60 కట్టె పెడితే ఒక పొలము. ఒక మనిషి అందులో పనిచేస్తే మొదట్లో 175 ఆహారము వస్తుంది. అది అయిపోతే మళ్ళీ 60 పెట్టి విత్తాలి. ఆయన ఊరికే అడిగారు: "పెట్టుబడి 60, రాబడి 175. మరి పురుగు రాదా?"

"ఈ ఆటలో పురుగు లేదు తాతయ్యా."

ముందు అందరమూ నవ్వాము. తరువాత ఎవరికీ మాట రాలేదు. కొంతసేపటికి వాడే అడిగాడు, "పోయిన యేడు మీకు ఎంత పోయింది?" అప్పుడు ఉన్నదున్నట్టు చెప్పాము. ఐదెకరాలు దున్నేసిన సంగతి, కౌలు డబ్బు, మందుల కొట్టులో బాకీ, బంగారము కుదువపెట్టిన సంగతి అన్నీ చెప్పాము. మా కూతురు వంటింటి గడప దగ్గర నిలబడి వింటూ ఉన్నది. "క్రిస్మసుకు నేను వచ్చినప్పుడేనా?" అన్నాడు వాడు. అవునన్నాము. "నాకు తెలియదు. నేను మీకు ఇష్టం లేదనుకున్నా" అన్నాడు.

ఆ మాట మా గుండెల్లో ఎట్లా దిగిందో రాయలేము. పురుగుమీది కోపము పిల్లవాడిమీద చూపాము. ఆయన మౌస్ వదిలి వాడి చెయ్యి పట్టుకొని, "తప్పు మాదిరా. అందరి ముందు అన్నాము, అది ఇంకా పెద్ద తప్పు" అన్నారు. వాడు కూడా, "పాటలకు నేను బయటికి రావలసింది" అన్నాడు. ఆ రాత్రి ప్రార్థనలో ధైర్యము చాలింది.

ఇంకొక సంగతి జరిగింది. ఆ వారమే కౌలు ఆసామి రావలసి ఉన్నది. పోయినదంతా ఒక్క పంటలో రాబట్టాలని మళ్ళీ మూడెకరాలు తీసుకోవడానికి మేము లోపల తీర్మానించుకొన్నాము. మిరప నారు పోసే రోజులు వచ్చాయి. ఈ మాట విని మనుమడు ఆట భాషలోనే అడిగాడు: "తాతయ్యా, మీ దగ్గర ఇప్పుడు ఆహారం ఎంత ఉంది? కట్టె ఎంత ఉంది? ఒకవేళ పంది వస్తే ఎంతమంది ఉన్నారు?" కాగితము తీసుకొని నలుగురము కూర్చున్నాము. చేతిలో ఉన్నది ఒకవైపు, ఉన్న అప్పు, కౌలు, నారు, మందులు, కూలి మరొకవైపు రాశాము. కాగితము చూస్తే మొదటి రోజు మేము ఆడిన ఆటే కనబడింది. ఉన్న 200 కట్టె పెట్టి సైనికశాల కట్టడమే! కట్టడము మొదలుపెట్టేవాడు ముందుగా ఖర్చు చూసుకోవాలని, యుద్ధానికి పోయే రాజు తన బలగము చూసుకోవాలని లూకా సువార్త 14వ అధ్యాయములో ఉన్న ఉపమానాలు ఎన్నిసార్లు విన్నాము! విన్నది ఒకటి, మన కాగితంమీద చూడడం ఒకటి.

కౌలు వద్దనుకొన్నాము. సొంత చేనులో ఒక ఎకరము పత్తి అప్పటికే వేసి ఉన్నది, మిగిలిన ఎకరంలో మాత్రము మిరప పెట్టాము. నిజము చెప్పాలంటే ఆ పంటకు ధర బాగా పలికింది. "మూడెకరాలు తీసుకొని ఉంటే అప్పు తీరేది గదా" అన్నవారున్నారు. తీరేదేమో. పురుగు మళ్ళీ వచ్చి ఉంటే ఇల్లు కూడా పోయేది. మాకు కొత్త అప్పు కాలేదు, పాత అప్పు కొంత తగ్గింది. ఆ యేడు రాత్రులు నిద్రపోయాము. అది చాలుననుకొన్నాము.

ఆటలకు బానిసలైన పిల్లలు లేరని మేము అనడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరి నుండి అమలులోనికి తెచ్చిన రోగాల పట్టికలో ఆటల వ్యసనము కూడా చేరింది. ఆట ఆపలేకపోవడం, మిగతా పనులన్నిటికంటే అదే ముఖ్యమైపోవడం, నష్టము కనబడుతున్నా మానలేకపోవడం, ఇవి ఒక యేడాది మేర కనబడితే జబ్బుగా ఎంచుతారు. మా ఇంట్లో కూడా ఒక కట్టడి పెట్టుకొన్నాము. కుటుంబ ప్రార్థన అయిన తరువాత ఒక గంట. గంట కాగానే ఎక్కడున్నదక్కడ భద్రపరచి మూసివేయాలి. ఈ కట్టడి వాడికంటే మాకే కష్టమైంది. "ఇంకొక్క కోట" అని ఆయన బ్రతిమాలేవారు. కత్తులు, యుద్ధాలు ఎందుకు ఇంతగా అని కూడా వాడితో మాట్లాడాము. వాడికీ ఊరు కట్టడమే ఎక్కువ ఇష్టమట. పక్కన కూర్చోకపోతే ఆ మాట మాకు తెలిసేది కాదు.

వాడు నేర్పినదానికి బదులుగా మేమూ ఒకటి నేర్పాము. అరుగుమీద బొగ్గుతో పులి మేక ఆట గీశాము. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేకమీదుగా దూకితే మేక పోతుంది, మేకలన్నీ కలిసి పులిని కదలకుండా కట్టేస్తే మేకలవారు గెలుస్తారు. అన్ని సామ్రాజ్యాలు ఏలిన మనుమడు మేకలతో వరుసగా మూడుసార్లు ఓడాడు. ప్రతిసారీ ఒక మేకను ఒంటరిగా వదిలేశాడు. "పంది గుర్తుందా?" అన్నది అమ్మమ్మ.

వరద తీసిన తరువాత అందరమూ కలిసి భద్రాచలం వెళ్ళి ఇంట్లోని బురద ఎత్తిపోశాము. వాడు ఇంటర్మీడియట్‌లో చేరాడు, అది ముగించి ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. ప్రతి క్రిస్మసుకు వస్తున్నాడు. పాటలకు మాకంటే ముందే బయలుదేరతాడు. మేము కంప్యూటరుతో తేలిక ఆటలో మూడుసార్లు గెలిచాము. అంతకు మించి మా చేతులు సాగలేదు.

తల్లిదండ్రులారా, తాతమ్మలారా, మీ ఇంట్లో కూడా తలుపు వేసుకొని కూర్చునే పిల్లవాడు ఉండవచ్చు. వాణ్ణి గద్దించవలసి వస్తే గద్దించండి. అంతకుముందు ఒక్క సాయంత్రము పీట వేసుకొని వాడి పక్కన కూర్చొని, "ఇది ఎట్లా ఆడతారు?" అని అడగండి. మీరు ఓడిపోతారు. ఓడిపోవడానికి సిద్ధపడే కూర్చోండి.